హోలోగ్రామ్‌లో పుర్రె కనిపించింది, పువ్వు మాత్రం లేదు. లోపమా, అర్థమా?

చిత్రలేఖ_హైద్
మొన్న శనివారం హైదరాబాద్‌లో ఒక చిన్న గ్యాలరీలో హోలోగ్రామ్ చూశాను. స్టిక్కర్ లాంటిది కాదు, దాదాపు ఏ4 కాగితమంత గాజు పలక. పైనుంచి ఒకే ఒక స్పాట్‌లైట్. పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుగులో ఒక బల్ల, దాని మీద పుర్రె, ఆగిపోయిన చేతి గడియారం, పక్కకి ఒరిగిన గాజు గ్లాసు, రెండు పాత పుస్తకాలు. చెయ్యి పెడితే తగులుతాయేమో అనిపించేంత నిజంగా ఉన్నాయి.

వాటి పక్కన చిన్న పూలకుండీ. కుండీ ఉంది కానీ పువ్వు లేదు. పువ్వు ఉండాల్సిన చోట పువ్వు ఆకారంలో నల్లటి ఖాళీ. తల అటూ ఇటూ జరిపితే ఆ ఖాళీ కూడా వెనకున్న పుస్తకాన్ని కప్పుతూ వదులుతూ జరుగుతోంది. అంటే మరక కాదు, దానికి లోతు ఉంది! పది నిమిషాలు అక్కడే నిలబడిపోయాను. ఇంటికొచ్చాక పుర్రె గుర్తులేదు, ఆ ఖాళీ ఒక్కటే గుర్తుంది.

అక్కడున్న అబ్బాయిని అడిగితే "పాత ప్లేటు మేడమ్, అక్కడ పాడైపోయింది" అన్నాడు. పేరు చీటీ మీద "స్టిల్ లైఫ్" (కదలని వస్తువుల చిత్రం) అని తప్ప ఇంకేం లేదు. నాకు రెండు సందేహాలు. ఆ ఖాళీ నిజంగా లోపమేనా, కావాలని చేసిందా? హోలోగ్రామ్ చేసేవాళ్లు పుర్రెనే ఎందుకు పట్టుకుంటారు?

సూటిగా_సుబ్బు
రెండో దానికి జవాబు తేలిక. పుర్రె చూస్తే జనం ఆగుతారు. విదేశాల్లో టూరిస్టు షాపుల్లో అమ్మే హోలోగ్రామ్‌లలో సగం పుర్రెలే. అదొక షో, అంతే.

నిశ్శబ్దం_77
మన దగ్గర మందు సీసా మూత మీద కూడా హోలోగ్రామే కదా. మరణాన్ని గుర్తుచేసే అసలు చిహ్నం అదేనండీ 😀

ఫిజిక్స్_మాస్టారు
చిత్రలేఖ గారూ, ప్లేటు పాడవలేదు. పువ్వు కదిలింది. కొంచెం పెద్దగా చెప్పాలి, ఓపిక పట్టండి.

ఫొటోలో నమోదయ్యేది వెలుగు ఎంత ఉంది అన్నది మాత్రమే. హోలోగ్రామ్‌లో లేజర్ వెలుగు ఒకటి నేరుగా ప్లేటు మీద పడుతుంది, వస్తువు మీద పడి తిరిగొచ్చిన వెలుగు దానితో కలుస్తుంది. రెండూ కలిసిన చోట కంటికి కనపడనంత సన్నటి చారలు ఏర్పడతాయి. ప్లేటు మీద దాగేది ఆ చారలే. వస్తువు రూపం, లోతు అంతా వాటిలోనే ఉంటుంది. హీలియం నియాన్ లేజర్ తరంగదైర్ఘ్యం సుమారు 633 నానోమీటర్లు. ఎక్స్‌పోజర్ జరిగే, అంటే ప్లేటు మీద లేజర్ వెలుగు పడే, ఆ కొన్ని సెకన్లలో వస్తువు అందులో పదో వంతు కదిలినా చారలు చెదురుతాయి. అంటే వెంట్రుక మందంలో వెయ్యో వంతు. అంతకు మించి కదిలితే ఆ వస్తువు నమోదు కాదు, ఆ చోటు చీకటిగా మిగులుతుంది. కానీ వెనకున్న వాటిని అది అడ్డుకుంటూనే ఉంటుంది. అందుకే మీరు చూసిన ఖాళీకి ఆకారం, లోతు రెండూ ఉన్నాయి.

కోసిన పువ్వు నీళ్లు పీలుస్తుంది, రేకులు వాలుతుంటాయి. మన కంటికి నిశ్చలంగా కనిపించినా లేజర్ లెక్కలో అది తుఫానులో చెట్టు. ఎముక, ఇనుము, రాయి, పింగాణీ చక్కగా వస్తాయి. పుర్రె ఎందుకంటే అదీ కారణం. పుర్రె కదలదు.

చిత్రలేఖ_హైద్
మాస్టారూ, మీ చివరి వాక్యం చదివి ఒళ్లు జలదరించింది. అంటే ఆ బల్ల మీద ప్రాణం లేనివన్నీ ఉన్నాయి, ప్రాణం ఉన్నది ఒక్కటే మాయమైందన్నమాట.

ఫిజిక్స్_మాస్టారు
అంతే. 1964లో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు, ఎమ్మెట్ లీత్, యూరిస్ ఉపాట్నీక్స్, లేజర్‌తో తీసి ప్రపంచానికి చూపించిన మొదటి త్రీడీ హోలోగ్రామ్‌లో ఉన్నవి ఒక బొమ్మ రైలు, ఒక పక్షి బొమ్మ. నిజం పక్షి అయితే మిగిలేది పక్షి ఆకారంలో రంధ్రమే.

లైడెన్_లలిత
నేను ఉండేది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో. ఈ పుర్రె, గడియారం, గ్లాసు వరస హోలోగ్రామ్ వాళ్లు కనిపెట్టింది కాదు. వాళ్ల కంటే మూడు వందల ఏళ్ల ముందు ఇక్కడి చిత్రకారులు వేసినవే ఇవి. వీటిని వానిటాస్ చిత్రాలంటారు. లాటిన్‌లో వానిటాస్ అంటే వ్యర్థం. బైబిల్ ప్రసంగి గ్రంథం మొదట్లో "సమస్తము వ్యర్థమే" అని ఉంటుంది చూడండి, ఆ మాట నుంచే వచ్చింది.

మా ఊళ్లో లాకెన్‌హాల్ మ్యూజియంలో డేవిడ్ బైలీ 1651లో వేసిన బొమ్మ ఉంది. పుర్రె, అప్పుడే ఆరిన కొవ్వొత్తి, ఇసుక గడియారం, ఒరిగిపోయిన గ్లాసు, నాణేలు, ముత్యాలు, వాలిన గులాబీలు, గాల్లో సబ్బు బుడగలు. పక్కన కూర్చున్న కుర్రాడు ఒక ముసలాయన చిత్రాన్ని చేత్తో పట్టుకుని మనకి చూపిస్తుంటాడు. మొదటిసారి చూసినప్పుడు కుర్రాడు చిత్రకారుడు, ముసలాయన వాళ్ల నాన్న అనుకున్నాను. తీరా చూస్తే ఆ ముసలాయనే బైలీ. అప్పటికి ఆయన వయసు 67. ఆ కుర్రాడు ఒకప్పటి ఆయనే. అంటే బొమ్మలో "ఇప్పుడు" కూర్చున్న మనిషి అప్పటికి ఎప్పుడో గడిచిపోయాడు. ప్రతిసారీ ఆ బొమ్మ ముందు కాసేపు కూర్చుని వస్తాను.

సుబ్బు గారికి ఒక మాట. పుర్రె షో కోసం కాదు. ఈ ఊళ్లో 1590లలో శవపరీక్షలు చూపించే గుండ్రటి హాలు కట్టారు. దాని చుట్టూ అస్థిపంజరాలు నిలబెట్టి, వాటి చేతుల్లో "చావు గుర్తుంచుకో" లాంటి మాటలు రాసిన జెండాలు పెట్టారు. ఇప్పుడు బూర్‌హావే మ్యూజియంలో దాన్ని మళ్లీ కట్టి ఉంచారు. యూనివర్సిటీ, మతం, వైద్యం అన్నీ ఒకే వీధిలో ఉన్న ఊరు. ఇక్కడి వాళ్లకి పుర్రె బల్ల మీద పుస్తకంతో సమానం.

మధ్యతరగతి_మనిషి
మన భాషలో శ్మశాన వైరాగ్యం అంటారు దీన్ని. కాటి నుంచి ఇంటికొచ్చి స్నానం చేసేదాకా ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ చిట్టీ డబ్బులు, ప్లాటు రిజిస్ట్రేషన్. ఆ డచ్చి వాళ్లు శ్మశాన వైరాగ్యాన్ని ఫ్రేము కట్టి డ్రాయింగ్ రూములో పెట్టుకున్నారన్నమాట.

లైడెన్_లలిత
సరిగ్గా చెప్పారు! పైగా ఆ బొమ్మలు కొన్నది బాగా డబ్బున్న వ్యాపారులు. సబ్బు బుడగ గురించి కూడా ఒకటి చెప్పాలి. మనం నీటి బుడగ బతుకు అంటాం కదా, వీళ్లకి లాటిన్‌లో "హోమో బుల్లా" అని సామెత ఉంది. మనిషి ఒక బుడగ అని. 1603లో జాక్ డె గేన్ వేసిన చిత్రంలో పుర్రె మీద పెద్ద బుడగ తేలుతూ ఉంటుంది. విడిగా వానిటాస్‌గా వేసినవాటిలో మనకి దొరికిన మొదటిది అదే అంటారు. ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

సూటిగా_సుబ్బు
చరిత్ర బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మాస్టారు చెప్పింది మళ్లీ చదవండి. పువ్వు రాకపోవడం భౌతికశాస్త్రం. కళాకారుడు అనుకుని చేసింది కాదు. డచ్చి ఆయన పువ్వుని వాలినట్టు వేశాడంటే కావాలని వేశాడు. ఇక్కడ పువ్వు రాలేదు, మనం కూర్చుని దానికి అర్థం అల్లుతున్నాం. రాయి తగిలి అద్దం పగిలితే అది కళ అవుతుందా?

పైగా పల్స్ లేజర్ ఉంటే పువ్వు కూడా వచ్చేది కదా మాస్టారూ? అంటే ఇది డబ్బు లేకపోవడం, వైరాగ్యం కాదు.

ఫిజిక్స్_మాస్టారు
వచ్చేది. రూబీ పల్స్ లేజర్ వెలుగు సెకనులో కొన్ని కోట్ల వంతు మాత్రమే ఉంటుంది. ఆ కాసేపట్లో పువ్వే కాదు, ఎగిరే ఈగ కూడా నిలబడినట్టే. 1967 నుంచీ దాంతో బతికున్న మనుషుల హోలోగ్రామ్‌లు తీస్తున్నారు. కానీ అందులోనూ ఒక విచిత్రం ఉంది. ఆ ఎర్రటి వెలుగు చర్మం లోపలికి కొంత చొచ్చుకుపోతుంది. అందుకని ముఖాలు మైనపు బొమ్మల్లా కనిపిస్తాయి. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి ఉన్నట్టుండదు.

చిత్రలేఖ_హైద్
కదిలితే మాయమవుతుంది, కదలకుండా పట్టుకుంటే శవంలా కనిపిస్తుంది. రెండు రకాలుగానూ ప్రాణం జారిపోతోంది.

బోస్టన్_బాబాయి
సుబ్బు గారి అద్దం పోలిక నాకు నచ్చలేదు. ఇంగ్లండ్‌లో మార్గరెట్ బెన్యన్ అని ఒకావిడ 1968 నుంచి హోలోగ్రఫీని కళగా వాడారు. ఆవిడ చిత్రకారిణి, సైంటిస్టు కాదు. కదిలినవి చీకటిగా మిగులుతాయని తెలిశాక దాన్ని దాచలేదు. 1970లో చేసిన "హాట్ ఎయిర్" లాంటి వాటిలో ఆ ఖాళీనే పనిముట్టుగా తీసుకున్నారు. అంటే మీరు లోపం అంటున్న దానికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆవిడ 2016లో పోయారు.

నేను ఉండేది అమెరికాలోని కేంబ్రిడ్జి దగ్గరే. ఇక్కడి ఎమ్ఐటీ యూనివర్సిటీ మ్యూజియం వాళ్ల దగ్గర ప్రపంచంలోనే పెద్ద హోలోగ్రామ్‌ల సేకరణ ఉంది. న్యూయార్క్‌లో 1976లో పెట్టిన హోలోగ్రఫీ మ్యూజియం 1992లో మూతపడితే, ఆ సరుకంతా వీళ్లు తీసుకున్నారు. మా అమ్మాయిని తీసుకెళ్లాను. తను చూసింది బొమ్మల్ని కాదు, పైనున్న బల్బుల్ని. "నాన్నా, ఆ లైటు ఆరిపోతే ఇవి చచ్చిపోతాయా?" అని అడిగింది. నిజమే. సరైన కోణంలో, ఒకే చుక్క లాంటి వెలుగు పడితేనే బొమ్మ. ట్యూబ్‌లైటు కింద అది మసక గాజు. యూరప్‌లో 2018 నుంచి మామూలు హాలోజెన్ బల్బుల అమ్మకం ఆపేశారు. పాత హోలోగ్రామ్‌లకి తగిన ఎల్ఈడీ వెతకడం ఒక పని అయింది. ఆరిన కొవ్వొత్తి బొమ్మలో వేయక్కర్లేదు, ఇక్కడ కొవ్వొత్తి గది పైకప్పులోనే ఉంది.

నిశ్శబ్దం_77
మీ అమ్మాయికి మా తరఫున ఒక చాక్లెట్ బాబాయ్.

పాతపుస్తకాల_రాజు
పుర్రె హోలోగ్రామ్ అంటే మీరంతా గ్యాలరీల గురించి మాట్లాడుతున్నారు కానీ, లక్షల ఇళ్లకి చేరిన పుర్రె ఒకటుంది. నేషనల్ జియోగ్రాఫిక్ 1985 నవంబరు సంచిక అట్ట మీద టౌంగ్ పిల్ల పుర్రె. దక్షిణాఫ్రికాలో 1924లో దొరికింది, దాదాపు మూడు నాలుగేళ్ల వయసున్న ఆదిమానవ జాతి పసిబిడ్డది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇరవై రూపాయలకి దొరికింది నాకు. అట్ట ఎండకి తిప్పితే ఆ చిన్న ముఖం మన వైపు చూస్తుంది.

దానికి ఏడాదిన్నర ముందు, 1984 మార్చి సంచిక అట్ట మీద కూడా హోలోగ్రామే, ఒక గద్ద. రెండూ నా దగ్గర పక్కపక్కనే ఉంటాయి. తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ పసిబిడ్డని చంపింది ఒక పెద్ద గద్ద అయి ఉంటుందని 1995లో శాస్త్రవేత్తలు చెప్పారు. కంటి గూళ్ల లోపల గోళ్లు, ముక్కు చేసిన గుర్తులున్నాయని 2006లో చూపించారు. పత్రిక వాళ్లకి అప్పట్లో ఈ సంగతి తెలియదు, పైగా అట్ట మీదున్నది అమెరికా గద్ద, బిడ్డని ఎత్తుకెళ్లింది ఆఫ్రికా గద్ద. అయినా అది తెలిసిన రోజు నుంచి ఆ రెండు సంచికల మధ్య ఇంకో పుస్తకం పెట్టాను.

లైడెన్_లలిత
రాజు గారూ 😢 ఇది ఎప్పటికీ మర్చిపోను.

పాతపుస్తకాల_రాజు
ఇంకోటి కూడా ఉంది లలిత గారూ, మీ బుడగకి చుట్టం. 1988 డిసెంబరు సంచిక, అట్టంతా హోలోగ్రామే. గాజు భూగోళం పగిలి ముక్కలవుతూ ఉంటుంది. నా కాపీలో మడత దగ్గర గీతలు పడి ఆ పగులు ఇంకా పెద్దదైంది.

సూటిగా_సుబ్బు
రాజు గారి గద్ద కథకి నేను లొంగిపోయాను. కానీ అది కూడా యాదృచ్ఛికమే కదా. మళ్లీ అర్థం అల్లింది మనమే.

మెడికో_హాస్టల్
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఒక్కరూ అడగని ప్రశ్న. ఆ పుర్రె ఎవరిది?

మేం ఫస్టియర్‌లో బోన్ సెట్ సీనియర్ దగ్గర కొన్నాం. ఆయన ఆయన సీనియర్ దగ్గర కొన్నాడు. పుర్రె లోపల పెన్సిల్‌తో మూడు బ్యాచ్‌ల పేర్లున్నాయి, కానీ అది ఎవరి తలో ఆ పేరు లేదు. చాలాకాలం ప్రపంచంలోని మెడికల్ కాలేజీలకి అస్థిపంజరాలు ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచే, ముఖ్యంగా కలకత్తా నుంచి. 1985లో ప్రభుత్వం ఎగుమతి నిషేధించింది. అంతకు ముందు విదేశీ ఆర్ట్ స్కూళ్లలో, ల్యాబుల్లో బల్ల మీద కూర్చున్న పుర్రెల్లో ఎన్ని మన బీదవాళ్లవో!

డచ్చి చిత్రకారుడు వేసిన పుర్రె చివరికి రంగే. హోలోగ్రామ్‌లో అలా కాదు. ఆ ఎముకని తాకి వచ్చిన వెలుగే ప్లేటులో చేరింది. ఒకరి తల మీద పడి వచ్చిన వెలుగుని మనం "మరణ చిహ్నం" అని మెచ్చుకుంటున్నాం. చిహ్నం అనే మాట నాకు మింగుడు పడదు. అది ఒక మనిషి.

చిత్రలేఖ_హైద్
మెడికో గారూ, నాకు ఈ ఆలోచనే రాలేదు. సిగ్గుగా ఉంది. మళ్లీ వెళ్లి అడుగుతాను.

లైడెన్_లలిత
మెడికో చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఇక్కడి పూల చిత్రాల్లో వసంతంలో పూసే తులిప్, ఎండాకాలం గులాబీ ఒకే కుండీలో ఉంటాయి. నిజంగా అవి ఏ రోజూ కలిసి లేవు. చిత్రకారుడు ఏడాది పొడుగునా ఒక్కోటి చూసి వేసి కలిపాడు. హోలోగ్రామ్‌లో ఆ వెసులుబాటు లేదు. అన్నీ ఒకే చీకటి గదిలో, ఒకే క్షణంలో, నిజంగా ఉండి తీరాలి. అది సాక్ష్యం లాంటిది.

అలాగే పక్క నుంచి చూడటం. లండన్ నేషనల్ గ్యాలరీలో హోల్‌బైన్ 1533లో వేసిన "అంబాసడర్స్" ఉంది. ఇద్దరు దర్జాగా నిలబడి ఉంటారు, కాళ్ల దగ్గర ఏదో సాగదీసిన బూడిదరంగు మరక. బొమ్మకి కుడి పక్కకి వెళ్లి గోడకి దగ్గరగా నిలబడితే ఆ మరక పుర్రె అవుతుంది. అప్పుడు ఆ ఇద్దరి ముఖాలూ చెదిరిపోతాయి. చిత్రలేఖ గారు ఖాళీ కోసం తల అటూ ఇటూ తిప్పారు కదా, ఆయన కోరింది కూడా సరిగ్గా అదే.

తాజా_తాజాగా
చనిపోయిన గాయకుల్ని స్టేజి మీద హోలోగ్రామ్‌గా పాడిస్తున్నారు కదా, దాని గురించి మాట్లాడరేం? అసలు మరణం అంటే అక్కడ కదా.

ఫిజిక్స్_మాస్టారు
అది హోలోగ్రామ్ కాదు తమ్ముడూ. పలచటి వాలు తెర మీద బొమ్మ ప్రతిబింబం. 1862లో లండన్‌లో నాటకంలో దెయ్యాన్ని చూపించడానికి వాడిన పెప్పర్స్ గోస్ట్ అనే ఉపాయమే. మన ఎన్నికల సభల్లో నాయకులు కనిపించిందీ అలాగే.

తాజా_తాజాగా
అయ్యో, ఇన్నాళ్లూ మా ఫ్రెండ్స్ అందరికీ హోలోగ్రామ్ అని చెప్పాను మాస్టారూ.

గోదారి_గట్టు
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసేటప్పుడు ప్రాజెక్టు హోలోగ్రఫీ. టేబుల్ అంటే ఇసుక నింపిన పెట్టె, కింద స్కూటర్ ట్యూబులు. ల్యాబులో ఫ్యాన్లు ఆపేసి, రాత్రి రెండు గంటలకి రోడ్డు మీద లారీలు తగ్గాక తీసేవాళ్లం. లేజర్ తెరిచే ముందు పది నిమిషాలు ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి.

ఆ సంవత్సరమే మా నాయనమ్మ పోయింది. ఆవిడ వక్కాకు పెట్టె, ఇత్తడిది, కళ్లజోడు, పొడుం డబ్బా తీసుకెళ్లాను. మనసు ఊరుకోక మా పెరట్లో బంతిపువ్వు ఒకటి కూడా పక్కన పెట్టాను. ఆవిడ పెంచిన మొక్కది. ప్లేటు కడిగి ఆరబెట్టి వెలుగులో చూశాం. పెట్టె వచ్చింది. పెట్టె మూత మీద సొట్ట కూడా వచ్చింది, నేను చిన్నప్పుడు కింద పడేసిన సొట్ట. కళ్లజోడు వచ్చింది, అద్దం మీద గీతతో సహా. పువ్వు దగ్గర నల్లటి ముద్ద.

మా గైడ్ "కదిలే వస్తువు పెట్టకూడదని తెలీదా, ప్లేటు ఖర్చు ఎంతో తెలుసా" అని తిట్టారు. రెండు వారాల తర్వాత అదే పువ్వు, ఎండిపోయింది, మళ్లీ పెట్టాను. ఈసారి ప్రతి రేకూ వచ్చింది. ముడతలు, చీమ కొరికిన చోటు, అన్నీ. అందరూ భేష్ అన్నారు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బతికి ఉన్నప్పుడు రానిది, చచ్చాక ఇంత స్పష్టంగా వచ్చిందే అని.

సుబ్బు గారూ, అది భౌతికశాస్త్రమే. నాకు తెలుసు, ఆ లెక్కలన్నీ నేనే రాశాను. కానీ ఆ రెండు ప్లేట్లలో నేను ఇంట్లో గోడకి పెట్టుకున్నది మొదటిదే.

మధ్యతరగతి_మనిషి
అన్నా, మా ఇంట్లో నాన్న ఫొటోకి ఎర్ర జీరో బల్బు, ప్లాస్టిక్ దండ. దండ మారుస్తుంటాం, బల్బు మారుస్తుంటాం. ఫొటోలో నాన్న మాత్రం నలభై ఏళ్ల దగ్గరే ఆగిపోయాడు, నేను ఆయన్ని దాటి పెద్దవాణ్ణయ్యాను. మీ పోస్టు చదివి వెళ్లి ఆ బల్బు తుడిచాను.

సూటిగా_సుబ్బు
గట్టు గారూ, మీ పోస్టుకి నా దగ్గర వాదన లేదు. ఒక్క మాట మార్చుకుంటాను. రాయి తగిలి పగిలిన అద్దం అన్నాను, అది తప్పు. అద్దం పగలడంలో మనకి కనిపించేది దెబ్బ మాత్రమే. మీ ప్లేటులో పువ్వు ఎక్కడ ఉందో, ఎంత ఉందో, ఏ ఆకారంలో ఉందో అన్నీ మిగిలాయి. లేనిది పువ్వు ఒక్కటే.

ఫిజిక్స్_మాస్టారు
గట్టు, నువ్వు రెండు ఎక్స్‌పోజర్లు ఒకే ప్లేటు మీద తీసి ఉంటే ఇంకోటి చూసేవాడివి. వస్తువు ఆ మధ్యలో కాస్త జరిగితే దాని మీద నల్లటి చారలు వస్తాయి. ఒక్కో చారకి సుమారు తరంగదైర్ఘ్యంలో సగం కదలిక అని లెక్క. విమాన భాగాల్లో పగుళ్లు వెతకడానికి అదే వాడతారు. కాస్త నెమ్మదిగా వాడిపోయే ఆకు పెడితే అది ఎంత వాలిందో గీతలు లెక్కపెట్టి చెప్పవచ్చు.

బోస్టన్_బాబాయి
వాడిపోవడాన్ని లెక్కపెట్టడం! ఆ డచ్చి చిత్రకారులు ఇది వింటే బ్రష్షులు పక్కన పెట్టి లేజర్ కోసం క్యూ కట్టేవాళ్లు.

చిత్రలేఖ_హైద్
ఇవాళ మళ్లీ వెళ్లాను. ఈసారి ఆ అబ్బాయి కాకుండా మేనేజరు గారున్నారు. ఆవిడ ఆ కళాకారుడికి ఫోన్ చేసి ఇచ్చారు. పెద్దాయన, ఇప్పుడు హోలోగ్రామ్‌లు చేయట్లేదట. కావాల్సిన ప్లేట్లు చేసే పెద్ద కంపెనీలు 1990ల చివరికల్లా మానేశాయి, తర్వాత దొరకడం కష్టమై వదిలేశానన్నారు.

మెడికో గారి ప్రశ్న ముందు అడిగాను. పుర్రె ప్లాస్టర్‌ది. స్టేజి నాటకాల సామాను అమ్మే చోట కొన్నారట. "నిజం ఎముక పెట్టడానికి నాకు మనసొప్పలేదు" అన్నారు. గడియారం ఆయనదే, చెడిపోయినది. పుస్తకాలు చిత్తు కాగితాల కొట్లోవి. ఆ బల్ల మీద ఒకప్పుడు ప్రాణం ఉన్నది ఒక్క ఆ పువ్వే. గులాబీ. పొద్దున్నే కోసి తెచ్చారట.

పువ్వు రాదని తెలుసా అని అడిగాను. తెలుసు అన్నారు. అందుకే పెట్టాను అన్నారు. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

మెడికో_హాస్టల్
అడిగినందుకు థాంక్స్ చిత్రలేఖ గారూ. ప్లాస్టర్ అని విని ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను.

సూటిగా_సుబ్బు
అంటే కావాలనే చేశాడు. సరే, ఓడిపోయాను, సంతోషంగానే.

లైడెన్_లలిత
చిత్రలేఖ గారూ, పేరు చీటీ మీద "పాడైంది కాదు" అని రాయమని చెప్పారా?

చిత్రలేఖ_హైద్
చెప్పాను. పువ్వు గురించి ఒక లైను కలుపుతామన్నారు. ఆయనే వద్దన్నారట, చూసేవాళ్లు ఖాళీని వాళ్లంతట వాళ్లే కనుక్కోవాలని.

గోదారి_గట్టు
మాస్టారూ, ఒక చిన్న సాయం కావాలి. నా ప్లేటు వానాకాలం వచ్చేసరికి రంగు మారుతోంది. ఎండాకాలంలో ఆకుపచ్చగా ఉండే వక్కాకు పెట్టె ఈ పది రోజుల వానకి పసుపై, అంచుల్లో నారింజ రంగుకి తిరిగింది. పాడైపోతోందా?

ఫిజిక్స్_మాస్టారు
పాడవట్లేదు. ఆ పొర జెలటిన్. గాల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది, లోపలి చారల మధ్య దూరం పెరుగుతుంది, రంగు ఎరుపు వైపు జరుగుతుంది. ఆరితే మళ్లీ వెనక్కి వస్తుంది. కానీ ఏళ్ల తరబడి తేమ తగిలితే బూజు పడుతుంది. ఇంకో గాజు పలక వేసి అంచులు మూసి సీల్ చేయించు. ఇక రంగు మారదు.

గోదారి_గట్టు
సీల్ చేస్తే ఇక ఎప్పటికీ ఒకే రంగా?

ఫిజిక్స్_మాస్టారు
ఒకే రంగు.

గోదారి_గట్టు
అయితే ఈ వానలు వెళ్లాక చూస్తాను మాస్టారూ. అప్పటిదాకా ఫ్యాను గాలి తగిలే చోట పెడతాను. మా అమ్మ పొద్దున్నే లేచి ముందు దాన్నే చూస్తోంది, ఇవాళ అత్తమ్మ పెట్టె ఏ రంగులో ఉందో అని.